వసంతం మొదట్లో కనిపించే హోవర్‌ఫ్లైలను గుర్తుపట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చలి ఇంకా పూర్తిగా వదలకముందే, కాస్త ఎండ కాయగానే పూల మీదికి వచ్చి వాలే ఈ ఈగల గురించి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. ఇక్కడ చెప్పిన జాతులు ఎక్కువగా యూరప్‌లో, వాటిలో కొన్ని ఆసియాలో, ఉత్తర అమెరికాలో కూడా, ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా కనిపించేవి. ముందే ఒక మాట. పొట్ట మీది చారలు చూసి పేరు పెట్టేసే అలవాటు ఉంటే కాసేపు పక్కన పెట్టండి, ఎందుకంటే ఈ సీజన్‌లో అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేవి అవే.

పూల మీద వాలింది తేనెటీగనా, హోవర్‌ఫ్లైనా? చటుక్కున చెప్పేదెలా?

రెక్కలు లెక్కపెట్టమని అందరూ చెబుతారు. తేనెటీగకు నాలుగు, ఈగకు రెండు. మాట నిజమే గానీ బయట ఇది పెద్దగా పనికిరాదు. తేనెటీగ వెనక రెక్కలు సన్నని కొక్కేలతో ముందు రెక్కలకు తగులుకుని ఉంటాయి కాబట్టి చూడ్డానికి అవీ రెండే అనిపిస్తాయి. అందుకే ముందు తల చూడండి. హోవర్‌ఫ్లై తలలో చాలా భాగం కళ్లే, గుండ్రంగా, పెద్దగా ఉంటాయి. మీసాలు మాత్రం చాలా పొట్టి, ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి, వాటి మీద ఒక సన్నటి వెంట్రుక నిలబడి ఉంటుంది. తేనెటీగకు కళ్లు తలకి రెండు పక్కలా కోలగా ఉంటాయి, మీసాలు పొడుగ్గా, మధ్యలో మోచేయిలా వంగి ఉంటాయి. ఇది దూరం నుంచి తీసిన ఫోటోలో కూడా తెలుస్తుంది.

వెనక కాళ్ల మీద పుప్పొడి ముద్ద కనిపిస్తే అది తేనెటీగే. హోవర్‌ఫ్లై ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది, తింటుంది కూడా, కానీ గూటికి మోసుకెళ్లే పని దానికి లేదు. గాలిలో కదలకుండా నిలబడటం మంచి గుర్తే గానీ అదొక్కటే చూసి నిర్ణయానికి రాకండి. ఆంథోఫోరా అనే తేనెటీగలు, బాంబిలియస్ అనే ఇంకో రకం ఈగలు కూడా ఇదే రోజుల్లో, ఇవే పూల ముందు అచ్చం అలాగే నిలబడతాయి.

సరే, ఈగే. మామూలు ఈగ కాకుండా హోవర్‌ఫ్లై అని ఎలా చెప్పాలి?

రెక్క చూడాలి. హోవర్‌ఫ్లైల కుటుంబం పేరు సిర్ఫిడే, అందులో ప్రపంచం మొత్తం మీద 6000కు పైగా జాతులున్నాయి, దాదాపు అన్నిటికీ రెక్క మధ్యలో ఒక ‘దొంగ ఈనె’ ఉంటుంది. మిగతా ఈనెలు ఎక్కడో ఒకచోట వేరే ఈనెతో కలుస్తాయి కదా, ఇది దేనితోనూ కలవదు. ఏదో గీత గీయబోయి మధ్యలో ఆపేసినట్టు, మసకగా పొడుగునా ఉండి అలాగే అయిపోతుంది. రెక్కను వెలుతురుకి అడ్డంగా పెట్టి చూస్తే బాగా కనిపిస్తుంది.

ఇంకోటి, రెక్క బయటి అంచు దగ్గర ఈనెలు అంచును తాకకుండా దానికి సమాంతరంగా తిరిగి, లోపల ఇంకో అంచు ఉన్నట్టు కనిపిస్తాయి. ఈ రెండూ ఉన్నాయంటే హోవర్‌ఫ్లైయే, ఇక సందేహం అక్కర్లేదు. ఒంటి నిండా బిరుసైన ముళ్లలాంటి వెంట్రుకలుంటే అది టాకినిడ్ ఈగ అయ్యే అవకాశం ఎక్కువ. వసంతంలో ఆ రకాలూ బాగానే తిరుగుతాయి. హోవర్‌ఫ్లై వెంట్రుకలు సాధారణంగా మెత్తగా ఉంటాయి.

ఇంత చలిలో ఇవి ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి?

దీని జవాబు పేరు పెట్టడానికి కూడా పనికొస్తుంది, కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. చలికాలాన్ని ఒక్కో జాతి ఒక్కోలా దాటుతుంది. కొన్నిటిలో పెద్ద ఈగలే, అదీ ఆడవే, పగుళ్లలోనో గుహల్లోనో ఐవీ తీగల గుబురులోనో దాక్కుని బతుకుతాయి. ఎరిస్టాలిస్ టెనాక్స్, ఎపిసిర్ఫస్ బాల్టియాటస్, మెలిస్కేవా ఆరికోలిస్ ఈ కోవలోవి. ఎరిస్టాలిస్ టెనాక్స్ ఆడవి శరదృతువులోనే జతకట్టేసి, ఆ వీర్యాన్ని ఒంట్లోనే దాచుకుని చలికాలం గడుపుతాయి, మగవి అప్పటికే చచ్చిపోతాయి. అందుకే జనవరిలో కూడా నాలుగు గంటలు ఎండ కాస్తే చాలు, ఇవి బయటికి వచ్చేస్తాయి.

సిర్ఫస్ రిబెసియై లాంటివి రాలిన ఆకుల కింద లార్వాగా నిద్రపోతాయి. చైలోసియా అనే ప్రజాతిలో కొన్ని మట్టిలో ప్యూపాగా ఉంటాయి. ఇవి అప్పటికప్పుడు బయటికి రాలేవు, నేల వేడెక్కి, ఎదుగుదల పూర్తయితేనే పెద్ద ఈగలవుతాయి. కాబట్టి గడ్డకట్టే రాత్రుల మధ్య, ఏ జనవరి మధ్యాహ్నమో మీకు కనిపించింది దాదాపుగా మొదటి గుంపులోదే. మార్చి మధ్యకి వచ్చేసరికి విల్లో పూల మీద రెండు గుంపులూ కలిసిపోతాయి.

ఎక్కడ వెతకాలి? ఎన్ని గంటలకి?

ఉష్ణోగ్రత పది డిగ్రీలు దాటాలి, ఎండ ఉండాలి, గాలి ఉండకూడదు. పొద్దున్నే వెళ్లి లాభం లేదు. పదకొండు నుంచి రెండున్నర దాకా మంచి సమయం, మబ్బు పట్టిందంటే నిమిషాల్లో అన్నీ మాయమైపోతాయి.

ముందు విల్లో చెట్టు వెతకండి, ముఖ్యంగా గోట్ విల్లో. ఆకులు రాకముందే పసుపు పుప్పొడితో కంకులు విచ్చుకుంటాయి, వసంతం మొదటి వారాల్లో హోవర్‌ఫ్లైలకు ఇంతకంటే పెద్ద విందు లేదు. బాధేంటంటే మంచి మంచి జాతులన్నీ చెట్టు పైకొమ్మల దగ్గరే తిరుగుతాయి, కింద నిలబడి మెడ నొప్పి పుట్టేలా చూడాల్సిందే. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి, పక్షుల కోసమే అన్న రూలేం లేదు. తర్వాత బ్లాక్‌థార్న్, డాండెలియన్, లెస్సర్ సెలండైన్, కోల్ట్స్‌ఫుట్. పూలేవీ లేకపోతే ఎండ నేరుగా పడే చెట్టు మొదళ్లు, కంచెలు, వెడల్పాటి పచ్చని ఆకులు చూడండి. పూల కంటే ముందు వాటికి కావలసింది వేడి.

ఒక చిన్న విషయం. ఆకు మీద కదలకుండా కూర్చున్న ఈగ నుంచి సన్నగా జుయ్‌మని శబ్దం వస్తుంటే ఆశ్చర్యపోకండి. రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలను వణికించి ఒళ్లు వేడెక్కించుకుంటోంది. ఆ సమయంలో అది ఎగరడానికి ఇంకా సిద్ధంగా ఉండదు కాబట్టి దగ్గరగా వెళ్లి ఫోటో తీసుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు.

మగదా ఆడదా అన్నది అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. గుర్తుపట్టే పట్టికల్లో సగం గుర్తులు ఒక లింగానికే పనికొస్తాయి, అది తెలియకుండా పోలిస్తే తప్పు పేరు దగ్గర తేలతారు. చూడటం కూడా తేలికే. నడినెత్తిన రెండు కళ్లూ ఒకదానికొకటి తాకితే మగ, మధ్యలో ఖాళీ ఉంటే ఆడ. హెలోఫిలస్ లాంటి కొన్నిటిలో మగవాటికి కూడా కళ్లు విడిగానే ఉంటాయి, ఆ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

ప్రవర్తన కూడా సాయం చేస్తుంది. చెట్ల మధ్య దారిలో, తల ఎత్తున, ఒకేచోట గాలిలో నిలబడి, పక్కనుంచి ఏ పురుగు వెళ్లినా దాని వెంటపడి తరిమి మళ్లీ అదే చోటికి వచ్చి నిలబడేది మగది. ఏ పురుగని చూడదు, చిన్న రాయి విసిరినా దాని వెంట పడుతుంది.

అచ్చం తేనెటీగలా, కాస్త పెద్దగా, గోధుమరంగులో ఉంది. ఏమిటది?

ముందు ఎరిస్టాలిస్ టెనాక్స్ అనుకుని మొదలుపెట్టండి. ఇది దాదాపు ప్రపంచమంతా ఉన్న ఈగ, ఉత్తర అమెరికాకి బయటి నుంచి వచ్చి స్థిరపడింది. మగ తేనెటీగను ఎంత బాగా పోలి ఉంటుందంటే, చచ్చిన ఎద్దు కళేబరం నుంచి తేనెటీగలు పుడతాయని పాతకాలం గ్రీకులు, రోమన్లు నమ్మడానికి కారణం ఇదేనని 19వ శతాబ్దం చివర్లో ఓస్టెన్-సాకెన్ అనే కీటక శాస్త్రవేత్త వాదించాడు. దీని లార్వా కుళ్లు నీళ్లలో పెరుగుతుంది, తోకలాంటి పొడవాటి గొట్టం పైకి పెట్టి గాలి పీలుస్తుంది. కళేబరం చుట్టూ ఉన్న మురుగులోంచి తేనెటీగల్లాంటివి ఎగిరి రావడం చూసినవాళ్లు అలా అనుకున్నారంటే తప్పు పట్టలేం.

ముందు ఎరిస్టాలిస్ అవునో కాదో తేల్చుకోవాలి. రెక్కలో ముందు అంచుకి దగ్గరగా పొడుగునా పోయే ఈనె ఒకటి మధ్యలో లోతుగా కిందికి వంగి మళ్లీ పైకి వస్తుంది, ఆ వంపు ఉంటే ఎరిస్టాలిస్ లేదా దాని దగ్గరి చుట్టాలు. టెనాక్స్ అని తేల్చేది మాత్రం కన్ను. బాగా దగ్గరగా చూస్తే కంటి మీద కూడా వెంట్రుకలుంటాయి, వాటిలో ముదురు రంగువి రెండు నిలువు పట్టీల్లా పై నుంచి కిందికి దిగుతాయి. ఎండ పక్క నుంచి పడేటప్పుడు ఈ పట్టీలు స్పష్టంగా తెలుస్తాయి, నెత్తి మీది ఎండలో కళ్లంతా ఒకే నల్లని ముద్దలా కనిపిస్తుంది. ఆపైన వెనక కాలి పిక్క చూడండి, లావుగా, దట్టంగా వెంట్రుకలతో ఉంటుంది. ముఖం మధ్యలో వెడల్పాటి నల్ల పట్టీ ఉంటుంది. ఈ మూడూ కలిస్తే పేరు రాసేసుకోండి.

పొట్ట మీది రంగు సంగతి వదిలేయండి. కొన్నిటికి పెద్ద నారింజ మచ్చలుంటాయి, కొన్ని దాదాపు పూర్తి నలుపు. రెండూ టెనాక్సే.

మరి ఎరిస్టాలిస్ పెర్టినాక్స్‌ని దీన్నుంచి ఎలా విడదీయాలి?

పాదాలు చూస్తే చాలు. పెర్టినాక్స్‌కి ముందు, మధ్య కాళ్ల పాదాలు పసుపు రంగులో ఉంటాయి, టెనాక్స్‌వి నల్లగా ఉంటాయి. మగ పెర్టినాక్స్ పొట్ట చివరికి వచ్చేకొద్దీ కోసుగా సన్నబడుతుంది కూడా. యూరప్‌లో మార్చిలో చెట్ల మధ్య తల ఎత్తున కాపలా కాసే మగ ఈగల్లో చాలా భాగం ఇవే. ఏప్రిల్‌లో ఎరిస్టాలిస్ ఆర్బస్టోరమ్ తోడవుతుంది, అది చిన్నది, ముఖం మీద నల్ల పట్టీ లేకుండా లేత రంగు నూగుతో కప్పి ఉంటుంది. ముసలి ఈగల్లో ఆ నూగు అరిగిపోయి కింద నలుపు బయటపడుతుంది కాబట్టి ఆ గుర్తు కొత్తగా పుట్టినవాటికే ఎక్కువ నమ్మకం.

నారింజ రంగు మీద రెండేసి నల్ల చారలు. ఇది తేలికేనా?

అవును, ఈ కుటుంబం మొత్తంలో అన్నిటికంటే తేలిక. ఎపిసిర్ఫస్ బాల్టియాటస్. పొట్ట మీద మూడో, నాలుగో పలకల్లో ఒక్కోదానికి రెండేసి నల్ల చారలు, ఒకటి లావు, ఒకటి సన్నం. ఆ సన్న చార మీసకట్టులా ఉంటుంది. యూరప్‌లో వేరే ఏ జాతికీ ఈ జోడు చారలు ఇలా ఉండవు.

కానీ ఇక్కడే వసంతం ఒక తిరకాసు పెడుతుంది. ఈ ఈగ ఒంటి రంగు అది ప్యూపాగా ఉన్నప్పుడు ఎంత వేడి తగిలిందన్న దాని మీద ఆధారపడుతుంది. వేసవిలో తయారైనది మెరిసే నారింజ రంగులో ఉంటే, చలిరోజుల్లో ప్యూపా దశ గడిపినది ముదురుగా, నల్ల చారలు లావెక్కి, నారింజ సందుల్లో మాత్రమే మిగిలినట్టు ఉంటుంది. వేసవి ఫోటోతో పోల్చుకుని ‘ఇది వేరే జాతి’ అనుకునేవాళ్లు చాలామంది. చారల లావు మారుతుంది, వాటి అమరిక మారదు. అమరికే చూడండి.

ఇదొక వలస ఈగ కూడా. 2019లో వెలువడిన రాడార్ అధ్యయనం దక్షిణ బ్రిటన్ మీదుగా ఏటా 400 కోట్ల దాకా హోవర్‌ఫ్లైలు వలస పోతాయని లెక్క తేల్చింది, ఆ గుంపుల్లో ఇదొక ముఖ్యమైన జాతి. కాబట్టి వసంతంలో మీకు కనిపించినది చలికాలం అక్కడే గడిపిందో, దక్షిణం నుంచి ఎగిరి వచ్చిందో ఫోటో చూసి చెప్పమని అడగొద్దు.

సన్నగా, నల్లగా, చిన్న పసుపు మచ్చలతో ఉంది. ఎపిసిర్ఫస్ పిల్లా?

ఈగల్లో పిల్ల ఈగలు ఉండవు. రెక్కలు వచ్చాయంటే అది పెరగడం ఆగిపోయినట్టే, చిన్నగా ఉందంటే వేరే జాతి, లేదా లార్వాగా ఉన్నప్పుడు తిండి చాలని ఈగ. మీరు చెప్పేది మెలిస్కేవా ఆరికోలిస్ కావచ్చు. చలికాలం దాటొచ్చిన ఈ ఈగలు వేసవివాటి కంటే బాగా నల్లగా ఉంటాయి. సన్నటి ఒళ్లు, పక్కలు సమాంతరంగా ఉన్న పొట్ట, మార్చిలోనే తిరగడం, ఈ మూడూ కలిస్తే ముందు దీన్నే అనుమానించండి.

పసుపు-నలుపు చారలున్న మిగతావన్నీ సిర్ఫస్‌లేనా?

కాదు, అసలు తలనొప్పి మొదలయ్యేది ఇక్కడే.

సిర్ఫస్‌లో పొట్ట మీది మొదటి పసుపు పట్టీ మధ్యలో విడిపోయి, ఆ తర్వాతవి అటూ ఇటూ కలిసి పూర్తి పట్టీలుగా ఉంటాయి. యుపియోడిస్ అనే ఇంకో ప్రజాతిలో చాలావాటికి అన్నీ విడిపోయి కామాల్లాంటి జంట మచ్చలవుతాయి, పొట్ట అంచు వెంట గట్టులా ఒక మడత ఉంటుంది. యుపియోడిస్ లూనిగర్‌కి ఆ మచ్చలు పొట్ట అంచు దాకా పోవు, యుపియోడిస్ కరోల్లే అనే జాతికి పోతాయి. వసంతం మొదట్లో మీకు దొరికేది లూనిగర్ అయ్యే అవకాశమే ఎక్కువ.

సిర్ఫస్‌లో మళ్లీ మూడు సాధారణ జాతులు. ఆడదైతే వెనక తొడ చూడండి, పూర్తిగా పసుపైతే రిబెసియై, చాలా భాగం నలుపైతే విట్రిపెనిస్ లేదా టోర్వస్. కళ్ల మీద వెంట్రుకలుంటే టోర్వస్, మగవాటిలో ఇది తేలిగ్గా తెలుస్తుంది, ఆడవాటిలో వెంట్రుకలు పలచన. రిబెసియై, విట్రిపెనిస్ మగవాటిని విడదీయాలంటే రెక్కలోని ఒక గదిలో సూక్ష్మమైన నూగు మొత్తం పరుచుకుందా, కొంత నున్నగా ఉందా చూడాలి. అది మైక్రోస్కోప్ పని. ఫోటోతో కుదరదు, కాబట్టి ‘సిర్ఫస్, మగ’ అని రాసి ముందుకు పోండి.

మెలాంజినా లాసియోఫ్తాల్మా, పారాసిర్ఫస్ పంక్చులాటస్ అనే రెండు కూడా సరిగ్గా ఈ వారాల్లోనే, విల్లో, బ్లాక్‌థార్న్ పూల దగ్గరే తిరుగుతాయి. రెండూ చిన్నవి, నల్లటి పొట్ట మీద జంట పసుపు మచ్చలతో ఉంటాయి. నెట్‌లో పేరు పెట్టి తిరిగే ఫోటోల్లో వీటిని తారుమారు చేసినవి బోలెడు కనిపిస్తాయి. ముఖం, వక్షం పక్కభాగం, కళ్లు మూడూ స్పష్టంగా లేని ఫోటోకి వీటిలో ఏ పేరూ పెట్టకండి.

ఏప్రిల్ మధ్యకి ఎపిస్ట్రోఫి ఎలిగాన్స్ వస్తుంది. ఇత్తడిలా మెరిసే వక్షం, మగదానికి పొట్ట పైభాగంలో నారింజ, కింద దాదాపు నలుపు. ఏడాదికి ఒక్క తరమే కాబట్టి వేసవి ముదిరాక మళ్లీ కనిపించదు.

పూర్తిగా నల్లగా ఉంది, ఒక్క గుర్తూ లేదు. వదిలేయనా?

వదలొద్దు, ముఖం చూడండి. కంటి లోపలి అంచు వెంట ముఖం మీద విడిగా కనిపించే సన్నటి పట్టీ ఉందంటే అది చైలోసియా. ఈ ప్రజాతిలో జాతులు చాలా ఎక్కువ, చాలావాటికి నిపుణుడే కావాలి. కానీ వసంతం మొదట్లో వచ్చే చైలోసియా గ్రోస్సా, చైలోసియా అల్బిపిలా మాత్రం ప్రయత్నించదగ్గవి. రెండూ వెంట్రుకలు బాగా ఉన్న ఈగలు, మగవి విల్లో చెట్టు దగ్గర ఎత్తులో గాలిలో నిలబడతాయి, లార్వాలు తిజిల్ మొక్కల కాడల లోపల తొలుచుకుని తింటాయి. ఆ మొక్కలున్న తడి నేల పక్కన విల్లో ఉందంటే అక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడండి.

నల్లగా ఉన్నా వెలుతురు తగిలితే పొట్ట మీద బూడిద రంగు మచ్చలు మెరిసే చిన్న ఈగ అయితే ప్లాటికైరస్ అల్బిమానస్ కావచ్చు. మార్చి నుంచి శరదృతువు దాకా కనిపిస్తుంది. ఈ ప్రజాతిలో చాలా జాతుల మగవాటికి ముందు కాళ్లు వెడల్పుగా చదునుగా ఉంటాయి, జాతిని తేల్చేది చాలాసార్లు ఆ కాళ్లే. పై నుంచి తీసిన ఫోటోలో అవి కనిపించవు.

పొడవాటి ముక్కుతో పూల ముందు నిలబడింది. ఇది కూడా హోవర్‌ఫ్లైనా?

మార్చి, ఏప్రిల్‌లో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, జవాబు ఎక్కువసార్లు ‘కాదు’. ఒళ్లంతా గోధుమరంగు బొచ్చు, సూదిలా ముందుకి నిటారుగా పొడుచుకొచ్చిన గొట్టం, పొడవైన సన్నటి కాళ్లు, రెక్క ముందు సగం ముదురు రంగు, వెనక సగం పారదర్శకం, ఇన్నీ ఉంటే అది బాంబిలియస్ మేజర్. బీ-ఫ్లై కుటుంబంలోది. ఆ గొట్టం వాలినా, ఎగిరినా లోపలికి ముడుచుకోదు. దీని లార్వాలు ఒంటరి తేనెటీగల గూళ్లలో పరాన్నజీవులుగా పెరుగుతాయి, ఆడది ఆ గూళ్ల మీదుగా ఎగురుతూ గుడ్లను గాలిలోంచే విసురుతుంది.

ముక్కున్న హోవర్‌ఫ్లై ఒకటి ఉంది. రింజియా కాంపెస్ట్రిస్, ఏప్రిల్ నుంచి. దానికి సూది ఉండదు, ముఖమే ముందుకి సాగి మొనలా ఉంటుంది, పొడవాటి నాలుక ఆ మొన కింద మడిచి ఉంటుంది. పొట్ట నారింజ. లార్వాలు ఆవుపేడలో పెరుగుతాయి.

బంబుల్ బీ (లావుగా, బొచ్చుతో ఉండే తేనెటీగ రకం) అనుకున్నాను, కానీ కళ్లు ఈగవి. ఏం కావచ్చు?

విల్లో పూల దగ్గర మార్చి, ఏప్రిల్‌లో అయితే క్రియోరైనా రానుంకులై గుర్తుకు రావాలి. పెద్దది, నల్లటి బొచ్చు, పొట్ట చివర ఎర్రగానో తెల్లగానో ఉంటుంది, వెనక తొడలు లావు. లార్వాలు కుళ్లిన చెట్ల వేళ్లలో పెరుగుతాయి కాబట్టి ముసలి చెట్లున్న అడవి పక్కనే ఎక్కువగా దొరుకుతుంది. ఎరిస్టాలిస్ ఇంట్రికేరియా కూడా బొచ్చుతో బంబుల్ బీలా ఉంటుంది, కానీ రెక్కలో నేను పైన చెప్పిన ఆ వంపు ఈనె దానికి ఉంటుంది, క్రియోరైనాకి ఉండదు.

కుడుతుందా?

కుట్టదు. దానికి కొండి లేదు. ఒంటి రంగులన్నీ పక్షుల్ని బెదిరించడానికే. నిరపాయమైనది ప్రమాదకరమైనదాని వేషం వేసే ఈ పద్ధతిని 1862లో హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ సీతాకోకచిలుకల విషయంలో వివరించాడు, అప్పటి నుంచి అది ఆయన పేరుతోనే ఉంది.

ఫోటో ఎలా తీస్తే పేరు చెప్పడం కుదురుతుంది?

అందరూ పై నుంచి ఒక్క అందమైన ఫోటో తీసి, దీనికి పేరు చెప్పమంటారు. అందం అక్కర్లేదు. మసకగా ఉన్నా సరే, నాలుగు కోణాలు కావాలి: పై నుంచి ఒకటి, పక్క నుంచి కాళ్లన్నీ కనిపించేలా ఒకటి, ఎదురుగా ముఖం, విప్పిన రెక్క. వీటిలో ఒక్కటే కుదిరేటట్టుంటే నేనైతే పక్క నుంచి తీస్తాను. కాళ్ల రంగు, వక్షం పక్కల వెంట్రుకలు, కంటి వెంట్రుకలు, ముఖం ఆకారం అన్నీ ఒక్క ఫోటోలోనే వచ్చేస్తాయి.

పక్క ఫోటోలో భుజం కూడా చూడొచ్చు. తల వెనక, వక్షం ముందు మూలలో చిన్న బుడిపె ఉంటుంది. దాని మీద వెంట్రుకలుంటే ఎరిస్టాలిస్, చైలోసియా, క్రియోరైనా వైపు వెళ్లాలి. నున్నగా ఉండి, తల వెనకభాగం దాన్ని కప్పేస్తున్నట్టుంటే సిర్ఫస్, ఎపిసిర్ఫస్, ప్లాటికైరస్ వైపు. ఈ ఒక్క గుర్తుతో జాబితాలో సగం పోతుంది, అయినా ఎవరూ పట్టించుకోరు.

దగ్గరికి వెళ్లేటప్పుడు మీ నీడ దాని మీద పడనీయకండి. నెమ్మదిగా ముందుకి జరిగితే చాలాసార్లు ఊరుకుంటుంది, పక్కలకి ఊగితే మాత్రం లేచిపోతుంది.

యాప్ చెప్పిన పేరు నమ్మొచ్చా?

ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ అంటే నమ్మండి. బాంబిలియస్ అన్నా నమ్మండి. సిర్ఫస్, చైలోసియా, ప్లాటికైరస్‌లలో జాతి పేరు దాకా చెప్పిందంటే, అది ఏ గుర్తు చూసి చెప్పిందో మీకు మీరుగా ఫోటోలో వెతకండి, ఆ గుర్తు ఫోటోలోనే లేకపోతే ఆ పేరుకి విలువ లేదు. యాప్‌లు ఎక్కువగా పొట్ట నమూనాని పోలుస్తాయి, అది కూడా వేసవి ఫోటోలతో. చలికి నల్లబడిన వసంతపు ఈగ ముందు అవి తడబడటం సహజం. ఐనాచురలిస్ట్ లాంటి, జీవుల ఫోటోలు పంచుకునే సైట్‌లో పెట్టేటప్పుడు ప్రజాతి దగ్గరే ఆపి, ఫోటోలన్నీ జోడిస్తే తెలిసినవాళ్లు తర్వాత చూసి సరిచేస్తారు.

పట్టుకుని చూడాలా?

తప్పనిసరి కాదు. కావాలంటే పారదర్శకమైన చిన్న గొట్టంలోకి పట్టి, పది రెట్ల భూతద్దంతో కళ్లు, కాళ్లు చూసి వదిలేయండి. ఎండలో గొట్టం చాలా త్వరగా వేడెక్కుతుంది, నీడలో చూడండి, రెండు నిమిషాలు చాలు. చలికాలం దాటొచ్చిన ఆడ ఈగలంటే ఆ ఏడాది తొలి తరానికి తల్లులు, వాటిని చంపి దాచుకోవాల్సినంత అవసరం నాకైతే కనిపించదు. ఒక ప్రాంతంలో కొత్త జాతిని నిర్ధారించే పరిశోధకుల సంగతి వేరు.

పేరుతో పాటు ఇంకేం రాసుకోవాలి?

తేదీ, చోటు, మగా ఆడా, ఏ పువ్వు మీద. పువ్వు పేరు చాలామంది వదిలేస్తారు. విల్లో మీద ఉన్న చిన్న నల్ల ఈగకీ, డాండెలియన్ మీద ఉన్న చిన్న నల్ల ఈగకీ అనుమానించాల్సిన జాబితాలే వేరు.

మేం ఉండే చోట చలికాలమే అంతంతమాత్రం. ఇవన్నీ మాకు పనికొస్తాయా?

జాతుల జాబితా పెద్దగా పనికిరాదు, ఉష్ణ ప్రాంతాల్లో ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్, ఎరిస్టాలినస్ లాంటివి ఎక్కువగా కనిపిస్తాయి, వాటికి వసంతం దాకా ఆగాల్సిన పనిలేదు. మచ్చల కళ్లుంటే ఎరిస్టాలినస్ అని అనుమానించవచ్చు. దొంగ ఈనె, భుజం వెంట్రుకలు, మగ ఆడ కళ్ల తేడా మాత్రం అన్నిచోట్లా ఒకటే.

మే నెల వచ్చాక కూడా ఇదే జాబితాతో నెట్టుకురావచ్చా?

రాలేరు. మార్చిలో ఒక చోట డజను జాతులు అనుమానిస్తే సరిపోయేది, మే చివరికి అది ఎన్నో రెట్లవుతుంది. హెలోఫిలస్ లాంటి నిలువు చారల వక్షం ఉన్నవి ఏప్రిల్‌లోనే మొదలవుతాయి, ఆ వెనకే కందిరీగ వేషం వేసేవి, పొట్ట రెక్కల్ని దాటి పొడుగ్గా సాగిన స్ఫెరోఫోరియాలు, లావు తొడల సిరిట్టా పిపియెన్స్ దిగుతాయి. పేనుబంక పెరిగిన మొక్కల మీద లార్వాలు కూడా కనిపిస్తాయి, కాళ్లు లేని ఆ పురుగుల్ని చీడ అనుకుని నలిపేయకండి, ఒక్కోటి వందల పేనుబంక పురుగుల్ని తినేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లయితే ఏప్రిల్ మధ్యలోపే ఎరిస్టాలిస్, ఎపిసిర్ఫస్, సిర్ఫస్, చైలోసియా, ప్లాటికైరస్, ఈ ఐదు ప్రజాతుల్ని చూడగానే చెప్పగలిగేలా చేసుకోండి, మేలో వచ్చే వాటిని వీటితోనే పోల్చుకోవాలి.